గోదారి గట్టున ఎడారి చుట్టం

చుట్టూ కాలువలు, వరిచేలు, కొబ్బరి తోటలు... నీళ్లకు కరవులేని ఆ గడ్డ మీద నీళ్లంటే హడలిపోయే మొక్క పెరుగుతోంది!

రాజమహేంద్రవరం దాటి కడియం వైపు వస్తే దారి పొడవునా నర్సరీలే. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక... ఏ ఊళ్లో చూసినా గులాబీలు, మందారాలు, మామిడి అంట్లు. వాటి పక్కనే ప్లాస్టిక్ కప్పు కింద బుల్లి బుల్లి కుండీలు. వాటిలో పిడికిలంత కూడా లేని గుండ్రటి మొక్కలు, ఒళ్లంతా ముళ్లు. అవే మామిల్లేరియాలు. ఈ జాతి మొక్కల్లో చాలావాటికి పుట్టిల్లు మెక్సికో.

అక్కడి ఎండుభూముల్లో బతకడానికి ఈ మొక్క ఆకుల్ని ముళ్లుగా మార్చుకుంది. పగలంతా రంధ్రాలు బిగించుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. అంత పొదుపరి! అలాంటిది డెల్టాకి వస్తే? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వరికి వరమైన ఒండ్రు నేల దీనికి శాపమే. నీటిని పట్టి ఉంచే ఆ మట్టిలో వేళ్లు కుళ్లిపోతాయి. అందుకే దీనికి ఇసుక, ఇటుక ముక్కలు ఎక్కువగా కలిపిన మట్టి కావాలి. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. ఇక, వానాకాలమంతా కప్పు కిందే కాపురం.

పక్క బల్ల మీద ఎర్రటి, పసుపు టోపీలు పెట్టుకున్న మొక్కలు చూశారా? అది ఒక మొక్క కాదు, రెండు. పైనున్న రంగుల బంతిలో పత్రహరితం ఉండదు. సొంతంగా బతకలేదు. కింద ఉన్న మూడు పలకల పచ్చ కాడకు అంటుకడితేనే దానికి తిండి. ఆ కాడ మరెవరో కాదు, డ్రాగన్‌ఫ్రూట్‌కి దగ్గరి బంధువు!

కాక్టస్ మనకు కొత్తేం కాదు. పల్లెల్లో కంచెగా కనిపించే నాగజెముడు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. ఎర్రరంగునిచ్చే పురుగుల్ని ఇక్కడ పెంచాలని ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. 1795లో తీరా వచ్చింది నాసిరకం పురుగు. రంగు సంగతి దేవుడెరుగు, అది ఒక రకం జెముడు పొదల్ని తినేసింది.

ఇప్పుడు ముప్పు మనుషుల నుంచే. కాక్టస్ జాతుల్లో 31 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2015లో ఐయూసీఎన్ తేల్చింది. ముచ్చటపడి అడవి నుంచి పెకలించుకు పోవడం అందుకు ఓ ప్రధాన కారణం. కాబట్టి పిలకలు విడదీసో, విత్తనం వేసో నర్సరీలో పెంచిన మొక్కను కొనడమే మేలు.

కొన్నాక? ఎండ తగిలే కిటికీలో పెట్టాలి. మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు పోయాలి. చలికాలంలో మరీ తగ్గించాలి. అప్పుడు నెత్తిన పూలు కిరీటంలా విచ్చుకుంటాయి. చాలా ఇళ్లలో ఇది చచ్చిపోయేది నిర్లక్ష్యంతో కాదు, ప్రేమతో రోజూ పోసే చెంబెడు నీళ్లతో!

కొసరి కొసరి వడ్డించడం గోదారోళ్ల మర్యాద. ఈ ఒక్క చుట్టం దగ్గర మాత్రం చేయి కాస్త బిగబట్టాల్సిందే.