పేరు లేని పాటలు

నందికొండ హిల్ కాలనీలో పాటలు ఎక్కించడం నా పని. డ్యామ్ కొలువుల్లో చేసి రిటైరైనవాళ్ల ఇళ్లల్లో ఘంటసాల సీడీలు ఇంకా భద్రంగా ఉన్నాయి. కొత్త కార్లకేమో సీడీ పెట్టే సందే లేదు. అందుకని పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తారు.

ముందు సీడీని వెలుగులో తిప్పి చూస్తాను. అడుగున గీతలు కనబడితే జనం బెంగపడతారు గానీ, ఆ వైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంది, చాలా గీతలు అందులోనే ఆగుతాయి. పాట ఉండే పొర పైనున్న బొమ్మకు ఆనుకునే ఉంటుంది. అక్కడ పెచ్చు లేచిందా, ఇక ఆశ వదులుకోవాల్సిందే.

సీడీలోంచి పాటలు తీయడానికి విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ గట్టిదే. డబ్బు అడగదు, కానీ దాని కోడ్ మనకు చూపదు. నాది లినక్స్, సీడీపారనోయా వాడతాను. అనుమానం వచ్చినచోట మళ్లీ మళ్లీ చదివి సరిచూసుకుంటుంది. గంట పాటలు సీడీలో 635 ఎంబీ దాకా ఉంటాయి. ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచితే నాదం ఏమీ పోకుండా దాదాపు సగానికి వస్తాయి. కారుకు కావలసిన ఎంపీత్రీ అందులోంచే తీస్తాను.

అసలు తిప్పలు పేర్లతోనే. పేర్లు వెతకడానికి సాఫ్ట్‌వేర్ సీడీని పోల్చుకునేది పాట విని కాదు, పాటల నిడివి లెక్క చూసి. 1990ల్లో జనం ఊరికే టైపు చేసిచ్చిన సీడీడీబీ పట్టీ తర్వాత కంపెనీ సొత్తయింది. దానికి బదులుగా వచ్చిన ఫ్రీడీబీ 2020లో మూతపడింది. అందుకే నేను మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే పట్టీనీ, దాంతో పేర్లు నింపే పికార్డ్ సాఫ్ట్‌వేర్‌నూ పట్టుకున్నాను. ఆ పట్టీలోని ముఖ్య సమాచారం ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు.

అయినా మన సినిమా పాటలకు చేతిపని తప్పదు. మనవాళ్లు పాటను వెతికేది సినిమా పేరుతో. ఆల్బమ్ గడిలో ఉత్త 'దేవదాసు' అని రాస్తే 1953 నాటి ఘంటసాల పాటలూ 2006 నాటి చక్రి పాటలూ కలిసిపోతాయి. సంవత్సరం రాయాల్సిందే. సంగీత దర్శకుడిది ఆల్బమ్ ఆర్టిస్ట్ గడి, పాడినవాళ్లది ఆర్టిస్ట్ గడి. బాలు పేరు మూడు రకాలుగా రాస్తే స్టీరియోలో ముగ్గురు బాలులు పుడతారు. ఇవన్నీ కూర్చుని కిడ్‌త్రీ అనే ట్యాగ్ ఎడిటర్‌లో దిద్దుతాను.

"తమ్మీ, పేర్లన్నీ డబ్బాలే కనవడ్తున్నయ్, జర సూడు" అంటూ ఒక పెద్దాయన తిరిగొచ్చాడు. ఆయన స్టీరియోకు తెలుగు లిపి రాదు. పైగా ఎంపీత్రీలో పేర్లు దాచే ఐడీత్రీ ట్యాగ్ తొలి రూపంలో పాట పేరుకు 30 బైట్లే చోటు. యూటీఎఫ్-8లో 'క్ర' ఒక్కటే 9 బైట్లు మింగుతుంది. అప్పట్నుంచి ఫోనుకు తెలుగులో ఒక కాపీ, కారుకు ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకొకటి.

పల్లెల్లో పాట బృందాలు సొంతంగా రాయించుకున్న సీడీలు ఏ పట్టీలోనూ దొరకవు. తెచ్చినవాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పాటా వినిపిస్తూ పేర్లు టైపు చేస్తాను. పాడిందెవరో వాళ్లకూ తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తాను.