సొరంగం లేని రైలు మిస్టరీ

డిటెక్టివ్ కథల పిచ్చి ఉన్నవాళ్ళకి భూగర్భ రైలంటే భలే ఇష్టం. చీకటి సొరంగం, తలుపులు మూసుకున్న పెట్టె, తర్వాతి స్టేషన్ వచ్చేసరికి సీట్లో ఒక శవం. 'కహానీ' (2012) సినిమా కథ మొదలయ్యేది కూడా కలకత్తా మెట్రోలోనే కదా. మనకి ఆ ముచ్చట లేదు. హైదరాబాద్ మెట్రో 2017లో మొదలైనా, ఇప్పటిదాకా నడుస్తున్నదంతా స్తంభాల మీదే. ఇక మా శ్రీకాళహస్తి సంగతి చెప్పక్కర్లేదు. గూడూరు-రేణిగుంట లైన్లో రైళ్ళన్నీ ఎండలోనే వస్తాయి, ఎండలోనే పోతాయి :)

కానీ వరుస హత్యలకి సొరంగం అక్కర్లేదని 2024 నవంబర్‌లో తెలిసింది. ఆ నెల 14న గుజరాత్‌లో ఉద్వాడా స్టేషన్ దగ్గర ఒక అమ్మాయి హత్య జరిగింది. వల్సాడ్ పోలీసులు రెండువేల దాకా సీసీ కెమెరాల ఫుటేజీ జల్లెడ పట్టి, కుంటుతూ నడిచే ఒక మనిషిని పట్టుకున్నారు. జైలు సిబ్బంది ఆ మొహాన్ని గుర్తుపట్టారు. 24న వాపిలో అరెస్ట్. విచారణ మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. నెల పైచిలుకు రోజుల్లో ఐదు హత్యలట! బెంగళూరు-మురుడేశ్వర్ రైల్లో ఒకటి, పుణె-కన్యాకుమారి రైల్లో ఒకటి, హౌరా దగ్గర కటిహార్ ఎక్స్‌ప్రెస్‌లో ఒకటి. ఆఖరిది సికింద్రాబాద్ దగ్గర, పట్టుబడటానికి సరిగ్గా ముందు రోజు. ఇదంతా పోలీసులు చెప్పిన మాట. నేరం రుజువు చేయాల్సింది కోర్టులో.

ఇందులో నాకైతే హంతకుడి తెలివితేటలు ఏమీ కనపడలేదు. చూస్తే బ్యాగు అక్కడే వదిలేసి పోయిన మనిషి! నాకు మిస్టరీగా అనిపించింది వేరే. ఐదు హత్యలు జరిగితే అవన్నీ ఒకటేనని ఐదోదాకా ఎవరికీ ఎందుకు తట్టలేదు?

మన భాషలో చెప్పాలంటే ఐదు సర్వర్లు, ఐదు లాగ్ ఫైళ్ళు, వాటిని కలిపే కామన్ కీ లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలో ఉంది, రైల్వే పోలీసుతో సహా. కేంద్రం చేతిలో ఉన్న ఆర్పీఎఫ్ రైల్వే ఆస్తినీ ప్రయాణికుల్నీ కాపాడుతుంది గానీ, హత్య కేసు దర్యాప్తు మాత్రం ఆయా రాష్ట్రాల జీఆర్పీది. రైలేమో రాత్రికి రాత్రే రెండు రాష్ట్రాలు దాటేస్తుంది. సాక్షులు ఎవరి స్టేషన్లో వాళ్ళు దిగిపోతారు. ఎక్కడైనా కేసు పెట్టగలిగే జీరో ఎఫ్ఐఆర్ 2024 జూలై 1న కొత్త చట్టంలో చేరింది. స్టేషన్లని కలిపే సీసీటీఎన్ఎస్ ప్రాజెక్టుకి 2009లోనే అనుమతి వచ్చింది. అయితే డేటా ఉండటం వేరు, దాన్ని ఎవరో ఒకరు క్వెరీ చేయడం వేరు. ఈ తేడా మనకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

ఇంకోటి. 1864లో లండన్‌లో మొదటిసారి ఒక ప్రయాణికుడు రైలు పెట్టెలో హత్యకి గురయ్యాడు. అప్పటి పెట్టెల్లో ఒక గదికీ ఇంకో గదికీ దారి ఉండేది కాదు. అరిచినా వినేవాడు లేడు. జనం గోల చేస్తే 1868లో చట్టం తెచ్చి, ప్రయాణికులు గార్డుకి కబురు చేరవేసే ఏర్పాటు పెట్టించారు. ఈరోజు మనం లాగే చైన్‌కి అది పూర్వీకురాలు. అయినా మన రైళ్ళలో చాలా వాటికి చివర ఉండే వికలాంగుల పెట్టె చూడండి. పక్క పెట్టెలోకి దారి ఉండదు. ఒకసారి రైలు కదిలితే తర్వాతి స్టేషన్ దాకా లోపలివాళ్ళు లోపలే. ఈ నిందితుడు ఎక్కువగా తిరిగింది అలాంటి పెట్టెల్లోనే అని పోలీసులు చెప్పారు.

ఆ వార్త చూసినరోజు మా అమ్మకి ఫోన్ చేశాను. మా అక్క ఉండేది సికింద్రాబాద్‌లో. అమ్మ ఏడాదికి నాలుగైదుసార్లు ఒక్కతే పద్మావతి ఎక్కి పోతుంటుంది. "ఇంకమీదట ఒక్కదానివే పోవద్దు మా" అన్నాను. "నువ్వు బెంగళూరు నుంచి వచ్చి నన్ను దింపి మళ్ళా పోతావా? అయ్యే పనేనా నాయనా అది? దొంగ తిరగతా ఉండాడని నేను ఇంట్లో కూచుంటే నా మనవరాల్ని ఎప్పుడు చూసేది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎక్కడేం జరిగినా మనం ముందు చెప్పేది ఆడవాళ్ళకే, బయటికి పోవద్దని. పెట్టెకి దారి పెట్టమని, కెమెరా పెట్టమని, రాత్రిపూట ఆగిన ప్రతిచోటా ఒక కానిస్టేబుల్ ఆ చివరి పెట్టెలోకి తొంగి చూడమని రైల్వేకి చెప్పేవాళ్ళు తక్కువ. నేను చేయగలిగిందల్లా 139 నంబరు ఆమె ఫోన్లో సేవ్ చేయడం. ఆమె మాత్రం టికెట్ క్యాన్సిల్ చేయలేదు.

మన ఆఫీసుల్లో ఒకే ఎర్రర్‌తో వరుసగా ఐదు పేమెంట్లు ఫెయిలైతే, అర్ధరాత్రయినా సరే, ఆన్‌కాల్‌లో ఉన్నవాడి ఫోన్ మోగుతుంది. రైల్లో ఒంటరి మనిషి చనిపోయి దొరికితే, నెలలో ఇది ఎన్నోదని అన్ని రాష్ట్రాల జీఆర్పీలకీ ఒక అలర్ట్ పోవడం అంతకంటే కష్టమైన పనా? నాకైతే అనిపించడం లేదు. మీరేమంటారు?