పరుగుకి ముందు బ్రేకు

కారు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు మూలనున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా మూత తీశాను. అందులో బ్రేక్ ఆయిల్ ఉంటుంది. కొత్తగా పోసినప్పుడు లేత తేనె రంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. మా డబ్బాలో ఉన్నది చిక్కటి కాఫీ డికాషన్‌లా ఉంది. టార్చి వేసినా అడుగు కనబడలేదు. ముందురోజు సాయంత్రమే ఆ కారుని బైపాస్ మీద మూడో గేరులో గట్టిగా తొక్కి, సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రంగు చూశాక ఒళ్లు జలదరించింది.

కారు మిత్సుబిషి సెడియా. 2008 నాటిది. ఇప్పటి కుర్రాళ్లకి ఆ పేరు తెలియకపోవచ్చు గానీ నా ఈడు కార్ల పిచ్చివాళ్లని అడగండి, కళ్లు మెరుస్తాయి. రెండు లీటర్ల పెట్రోలు ఇంజన్, 115 హార్స్‌పవర్, అయిదు గేర్లు, వెనక చక్రాలకి మల్టీలింక్ సస్పెన్షన్. చూడ్డానికి పెళ్లికీ పేరంటానికీ తీసుకెళ్లే నెమ్మదైన సెడాన్. అదే కారు జాతీయ ర్యాలీ పోటీల్లో మట్టిదారుల మీద ఏళ్ల తరబడి పరుగెత్తింది. మన దేశంలో దాన్ని తయారుచేసింది హిందుస్తాన్ మోటార్స్, చెన్నై దగ్గరి తిరువళ్లూరు ఫ్యాక్టరీలో. అక్కడ 1998లో లాన్సర్‌తో మిత్సుబిషి కార్లు మొదలయ్యాయి. ఇప్పుడు అక్కడ సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి.

హిందుస్తాన్ మోటార్స్ అంటే నాకు లోకల్ రైలు గుర్తొస్తుంది. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి రిష్రాలో జూటు మిల్లులో చేరాడు. హుగ్లీ ఒడ్డున టిటాగఢ్, కాంకినారా, రిష్రా మిల్లుల చుట్టూ మనవాళ్లు అలాగే వచ్చి స్థిరపడ్డారు. మా నాన్నా ఆ మిల్లులోనే చేశాడు. హౌరాలో రైలెక్కితే ఉత్తర్‌పాడా దాటగానే హింద్ మోటర్ స్టేషన్, ఆ తర్వాత కొన్నగర్, ఆ తర్వాత మా రిష్రా. కార్ల ఫ్యాక్టరీ పేరు మీద ఒక స్టేషన్ ఉండటం చిన్నప్పుడు నాకు గొప్ప వింత. అంబాసిడర్ పుట్టింది అక్కడే. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. ఇప్పుడు కలకత్తా వీధుల్లో పసుపు టాక్సీలు ఒక్కొక్కటే కనుమరుగవుతున్నాయి. వాటికి పదిహేనేళ్లు నిండితే తిప్పడానికి వీల్లేదు, కొత్తవి చేసేవాళ్లు లేరు.

నాకు ఎప్పట్నుంచో ఒక కోరిక. కలకత్తా నుంచి శ్రీకాకుళం దాకా రోడ్డు మీద నేనే నడుపుకుంటూ వెళ్లాలి, పిల్లకి చిలికా సరస్సు కారులోంచి చూపించాలి. దానికోసమే ఈ కారు కొన్నాను. అమ్మినాయన "అన్నీ చేయించాను దాదా, పెట్రోలు పోసుకుని నడపడమే" అన్నాడు. సర్వీసు పుస్తకం కూడా ఇచ్చాడు. మొదటి పేజీల నిండా ముద్రలున్నాయి, చివరి ఆరేళ్ల పేజీలు ఖాళీ. ఆ ఆరేళ్లలో ఏం చేశారో, ఏం చెయ్యలేదో కాగితం చెప్పదు. కారునే అడిగి తెలుసుకోవాలి. అడగాలంటే చేతులకి మసి అంటాలి. పాత కారు కొన్నవాళ్లు మొదటి సర్వీసైనా సొంత చేతులతో చేసుకోవాలని నేను అనేది అందుకే. డబ్బు మిగలడం తర్వాత సంగతి.

బలమైన ఇంజనున్న కారు చేతికి రాగానే దాన్ని ఇంకా బలంగా చెయ్యాలనిపిస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చాలి, సైలెన్సర్ మార్చాలి, ఆ గొంతు వినాలి. నాకూ అనిపించింది. మా కస్బా వీధి చివర షెడ్డులో ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడు. నలభై ఏళ్లు అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన మనిషి. పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్‌కీ రెండో కొన చెవికీ ఆనించి ఏ బేరింగు అరిగిందో చెప్తాడు. ఆయన్ని కాకా అంటాను, నన్ను బాబూ అంటాడు. నా లిస్టు మొత్తం విని అన్నాడు: "బాబూ, పరిగెత్తడం దీనికి పుట్టుకతోనే వచ్చు. ముందు ఆగుతుందో లేదో చూడు."

బ్రేక్ ఆయిల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. పెడల్ తొక్కినప్పుడు మన కాలి బలాన్ని చక్రాల దాకా మోసేది ఆ ద్రవమే. దానికి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. మూత ఎంత గట్టిగా పెట్టినా రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ మెల్లగా చేరుతుంది. కలకత్తా సంగతి తెలుసు కదా, ఆషాఢంలో డబ్బాలో ఉప్పు నీరు కారిపోయే ఊరు. డాట్ 4 రకం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల వేడి దాకా మరగకూడదు అని ప్రమాణం. తేమ పట్టిన తర్వాత అదే ద్రవానికి ప్రమాణం 155 డిగ్రీలే. హైవే మీద వేగంగా వెళ్తూ మాటిమాటికీ గట్టిగా బ్రేకు వేస్తే ఆ వేడి పుట్టడం కష్టం కాదు. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు లేస్తాయి. ద్రవం నలగదు గానీ బుడగ నలుగుతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. ఊళ్లో నలభై దాటని బండికి ఇది ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. పరుగెత్తే బండికి మొదటి ఘాట్ రోడ్డు మీదే బయటపడుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలంటారు.

ఆదివారం పొద్దున్న మా అమ్మాయిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. బ్రేక్ ఆయిల్ మార్చే పనికి ఇద్దరు కావాలి. పాత ద్రవాన్ని బయటికి వదలడానికి ప్రతి చక్రం దగ్గరా ఉండే బ్లీడర్ నిపుళ్లకి తుప్పు వదిలే ఆయిల్ ముందురోజు రాత్రే కొట్టి ఉంచాను. లేకపోతే విరిగిపోతాయి. జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, కారుని ఊపి చూసి, అప్పుడు చక్రం విప్పాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎవరూ దూరొద్దు. జాకీ ఎత్తడానికి మాత్రమే, మొయ్యడానికి కాదు. స్టాండ్లు కొనే స్తోమతు లేకపోతే ఆ పని షెడ్డులో చేయించుకోవాలి.

నిపుల్‌కి రింగు పానా తగిలించి, దాని మీద సన్నటి పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొనని కాస్త కొత్త ఆయిల్ పోసిన మంచినీళ్ల సీసాలో ముంచాను. "తొక్కమ్మా" అన్నాను. "తొక్కాను నాన్నా." "అలాగే పట్టుకో." పానా పావు వంతు తిప్పాను. గొట్టంలోకి నల్లటి ద్రవం తోసుకొచ్చింది, దాని వెనకే చిన్న చిన్న బుడగలు. "నాన్నా, కాలు కిందికి పోతోంది!" "పోనీ, కాలు తియ్యకు." పానా బిగించాను. "ఇప్పుడు వదులు." బిగించకముందే కాలు వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది, ఉన్న మెళకువంతా అదే. మధ్యమధ్యలో పైనున్న డబ్బా ఖాళీ కాకుండా కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో కారుని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఇరవై సార్లు తొక్కాక గొట్టంలో నలుపు గోధుమరంగైంది, ఇంకో పదిసార్లకి తేనె రంగైంది. బుడగలు ఆగిపోయాయి. ఆ మార్పు కళ్లారా చూస్తుంటే మనసుకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాలుగు చక్రాలకీ మూడు గంటలు పట్టింది. ఒక చుక్క ఫెండర్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగాను, అది పెయింటుని తినేస్తుంది. చివర్లో అమ్మాయి పెడల్ మీద కాలేసి, "రాయిలా ఉంది నాన్నా" అంది.

టైర్లు చూస్తే గాళ్లు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. పక్క అంచు మీద అచ్చు వేసిన నాలుగంకెలు చదివాను: 3215. అంటే 2015లో 32వ వారం తయారైనవి. వేళ్లతో వంచి చూస్తే రబ్బరులో సన్నటి పగుళ్లు. ఎక్కువ తిరక్కుండా షెడ్డులో నిలబడి ముదిరిపోయిన టైర్లు. ఈ ఊళ్లో కొన్ని వీధుల్లో ట్రాము పట్టాలు ఇంకా ఉన్నాయి. వానలో తడిసిన పట్టా మీద ముదిరిన టైరు సబ్బు మీద కాలేసినట్టు జారుతుంది. సైలెన్సర్ కోసం దాచిన డబ్బు నాలుగు కొత్త టైర్లకి పోయింది. పోవలసిన చోటికే పోయింది.

కలకత్తాలో పాత కారు కొనేవాళ్లు ఇంకొకటి తప్పక చూడాలి. సీటుబెల్టుని పూర్తిగా చివరిదాకా లాగండి. కారు ఎప్పుడైనా వరదనీళ్లలో నిలబడి ఉంటే చుట్ట లోపలి భాగంలో బురద గీత ఉంటుంది, పైపైన కడిగినవాళ్లు అక్కడిదాకా కడగరు. సీటు పట్టాల కింద తుప్పు చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి. ఠన్‌ఠనియాలో, అమ్హర్స్ట్ స్ట్రీట్‌లో ఒక గట్టి వాన పడితే మోకాలి లోతు నీళ్లు. మా కారు మునిగింది కాదు గానీ, అద్దం కింద వైపర్ల దగ్గరుండే గాడి నిండా ఎండుటాకులూ కృష్ణచూడా పూలరేకులూ కుళ్లి ముద్దగా ఉన్నాయి. నీరు పోయే కన్నాలు పూడిపోయాయి. ఆ ముద్దంతా చేత్తో తీసి, సన్నటి తీగతో కన్నాలు పొడిచి, చెంబుడు నీళ్లు పోస్తే చక్రం వెనకనుంచి ధారగా కారింది. పైసా ఖర్చులేని పని. చెయ్యకపోతే ఆ నీరే కారులోకి దిగి వైర్లనీ ఇనుమునీ తినేది.

ఇంజన్ ఆయిల్ మార్చడం అందరికీ తెలిసిందే, దాని గురించి ఎక్కువ చెప్పను. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపాలి, అడుగు బోల్టుకి కొత్త వాషర్ వెయ్యాలి, ఫిల్టర్ చేత్తోనే బిగించాలి. ఆ దింపిన పాత ఆయిల్ ఏం చెయ్యాలన్నది మాత్రం చెప్పాలి. నాలుగు లీటర్ల పైచిలుకు నల్లటి నూనె. చాలామంది కాలవలో పారబోస్తారు. ఈ ఊరి మురుగు తూర్పుగా పారి చిత్తడి నేలల్లోని చెరువుల్లోకి చేరుతుంది. పన్నెండు వేల అయిదువందల హెక్టార్ల ఆ నేలని 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. ఊరి మురుగునీటిని ఎండకీ నాచుకీ అప్పగించి, అందులోనే చేపలు పెంచుతారు అక్కడి జాలర్లు. ఆ రోహూ, కట్లా పొద్దున్నే మా గడియాహాట్ మార్కెట్లోకి వస్తాయి. నేను కాలవలో పోసింది నా పిల్ల కంచంలోకే రావచ్చు. అందుకే క్యానులో నింపి కాకా షెడ్డుకి తీసుకెళ్లాను. పాత నూనె కొనుక్కుపోయే లైసెన్సున్న వ్యాపారి అక్కడికి వస్తాడు.

విడిభాగాలకి మల్లిక్ బజార్. పార్క్ స్ట్రీట్ వచ్చి ఆచార్య జగదీశ్ బోస్ రోడ్డులో కలిసేచోట పాత కార్ల సామాను గుట్టలు గుట్టలుగా ఉంటుంది. హెడ్‌లైట్లు, తలుపుల పిడులు, అద్దాలు, డాష్‌బోర్డు ముక్కలు, ఎప్పుడో ఆగిపోయిన మోడళ్లవి కూడా దొరుకుతాయి. మా కారుకి విరిగిన తలుపు పిడికి బదులు ఇంకొకటి నాకు అక్కడే దొరికింది. కానీ బ్రేక్ ప్యాడ్లు, గొట్టాలు, బాల్ జాయింట్లు అక్కడ పాతవి చవగ్గా దొరికినా కొనొద్దు. ప్రాణం ఆనుకుని ఉండే సామాను కొత్తదే వెయ్యాలి.

నేను ముట్టుకోనిది ఒకటుంది, టైమింగ్ బెల్టు. అది రబ్బరు. కారు తిరక్కపోయినా వయసుతో ముదురుతుంది. తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. ఒక్క పన్ను తేడాగా ఎక్కించినా ఇంజన్ లయ తప్పుతుంది. ఆ పని కాకాకి ఇచ్చి, రోజంతా పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాను. ఆయన కొత్త బెల్టు ఎక్కించేముందు చక్రాల గుర్తుల మీద తెల్ల పెయింటుతో చుక్కలు పెట్టాడు. ఎక్కించాక పానాతో ఇంజన్ని చేత్తోనే రెండు చుట్లు తిప్పి, చుక్కలు మళ్లీ ఎదురెదురుగా వచ్చాయో లేదో చూశాడు. వచ్చాయి. అయినా మళ్లీ రెండు చుట్లు తిప్పాడు. ఆ రెండోసారి తిప్పడమే పనితనం అని నా నమ్మకం.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ రోజున ఆ షెడ్డులో నా పానాలు కూడా దేవుడి ముందు పెట్టించాడు కాకా. మేడల మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. మహర్నవమికి ఇంటి దగ్గర మన పద్ధతిలో ఆయుధపూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం.

కార్తీకంలో బయల్దేరాం. తెల్లవారుజామున విద్యాసాగర్ సేతు దాటి, కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కాం. ఖుర్దా దాటాక ఒకచోట రోడ్డు మీదికి ఆవు వచ్చింది. బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగా నిలబడింది, కారు తిన్నగా, ఆవుకి చాలా ఇవతలే ఆగింది. అమ్మాయి నావైపు చూసింది, ఏమీ అనలేదు. ఇంకో గంటకి కిటికీలోంచి చిలికా కనిపించింది.

మీ ఇంట్లో కారుంటే, అది పాతదైనా కొత్తదైనా, ఈ ఆదివారం బానెట్ ఎత్తి ఆ చిన్న డబ్బాలో రంగు చూడండి. రెండేళ్లు దాటినా, డికాషన్‌లా ఉన్నా, ఎవరిచేతనైనా సరే వెంటనే మార్పించండి. మార్చిన తేదీ మూత మీద రాసి పెట్టండి.