వడ్రంగి చేసినవి, డబ్బు పెట్టి కొన్నవి

మా డిగ్రీ కాలేజీలో సైకాలజీ కొత్తగా పెట్టినప్పుడు ల్యాబ్ పని నాకు అప్పజెప్పారు. మంజూరైన డబ్బు కెమిస్ట్రీ వాళ్ల గాజుసామానుకు కూడా చాలదు. కేటలాగు తిరగేస్తే మెమరీ డ్రమ్, టాకిస్టోస్కోప్, ఎర్గోగ్రాఫ్... అన్నీ కావాలనే ఉంటుంది. ప్రతి పేరు దగ్గరా ఒకటే చూసుకున్నాను: ఈ ప్రయోగం మనిషిని తనతోనే పోలుస్తుందా, పదిమందితోనా?

తనతోనే అయితే వడ్రంగి చాలు. కంటి భ్రమను చూపే ముల్లర్-లయర్ బోర్డు అలా చేయించిందే. ఒక గీతకు బాణం మొనలు, ఇంకోదానికి తిరగేసిన మొనలు, జరిపే పలక, వెనక మిల్లీమీటర్ల స్కేలు. చేసినాయనే మొదట కూర్చున్నాడు. రెండు గీతలూ సమానం చేశానన్నాక బోర్డు తిప్పి చూపించాను. "స్కేలు తప్పుగా అంటించారు మేడమ్" అంటూ జేబులోంచి టేపు తీశాడు! కంటి కొలతతో బతికే మనిషినీ 1889 నాటి ఆ భ్రమ వదల్లేదు.

రియాక్షన్ టైమ్‌కు పాత కంప్యూటర్లో సైకోపై సాఫ్ట్‌వేర్ వేశాను. పైసా ఖర్చు లేదు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకు దాదాపు 17 మిల్లీసెకన్లు, కీబోర్డు జాప్యం అదనం, ఇదేం కొలత అన్నారు ఫిజిక్స్ మాస్టారు. నిజమే. కానీ 1868లో శాస్త్రవేత్త డోండర్స్ చూపినట్టు ఎంచుకుని నొక్కే సమయంలోంచి ఊరికే నొక్కే సమయం తీసేస్తే, రెండింట్లోనూ ఉన్న జాప్యం కొట్టుకుపోతుంది. నిలకడ లేని జాప్యం మాత్రం మిగులుతుంది. అందుకే ప్రతి విద్యార్థి చేతా ఎక్కువసార్లు నొక్కిస్తాను.

పదిమందితో పోల్చేచోట పొదుపు పనికిరాదు. డబ్బులో పెద్ద వాటా భాటియా బ్యాటరీ అనే తెలివితేటల పరీక్షకు పోయింది. అందులోని రంగు చెక్కముక్కలు తానూ చేస్తానన్నాడు వడ్రంగి. చేయగలడు కూడా. కానీ సైజు మారితే పేర్చే సమయం మారుతుంది, మార్కులు ఆ సమయాన్ని బట్టే. అప్పుడిక పదిమందితో పోల్చే నార్మ్స్ పట్టిక దేనికి?

అసలు తిప్పలు ఆఫీసులో వచ్చాయి. టెస్ట్ మాన్యువళ్లు అచ్చు పుస్తకాలు కాబట్టి లైబ్రరీ రిజిస్టర్లో ఎక్కించి, పిల్లలకు అందుబాటులో పెట్టాలన్నారు. జవాబులు అందులోనే ఉంటాయని ఎంత చెప్పినా వినలేదు. చివరికి తాళం ఉన్న బీరువా ఒకటి అడిగాను. ఫర్నిచర్ పద్దు కింద వెంటనే మంజూరైంది.