తిమ్మప్ప జాతరలో చరిత్ర

మల్దకల్‌ అనగానే నడిగడ్డవాసులకు తిమ్మప్ప జాతర గుర్తొస్తుంది. ఆ ఊరి సాహిత్య విద్యార్థికి ఓ పుస్తకమూ గుర్తుకు రావాలి. ఇదే గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అది. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలను ఆయన చరిత్రకెక్కించారు. ఆధారాలను కావ్యాలు, శతకాలు, సామెతల్లోంచి ఏరారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే దక్కింది.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చిందీ ఆయనే.

ఇంటి మాట మోటని తరగతిలో నోరు విప్పని కుర్రాడికి ఇంతకన్నా ధైర్యమేం కావాలి? జాతరలో బొరుగులమ్మే అవ్వ పలుకుబడి కూడా రేపటి చరిత్రకు ఆధారమే.