రాత్రిపూట వైఫై పెట్టె ఆపేయాలా? మా తండా లెక్క వేరు, మా రూమ్ లెక్క వేరు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేము ముగ్గురం నంద్యాలలో ఒకే రూమ్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ఇద్దరం సొంత అన్నదమ్ములం. ఆళ్లగడ్డ దాటి లోపలికి పోతే వచ్చే ఒక సుగాలి తండా మాది. మూడోవాడు రుద్రవరం వైపు చెంచు గూడెం నుంచి వచ్చాడు. ఇంటికీ రూమ్‌కూ మధ్య నలభై కిలోమీటర్ల చిల్లర. ఈ దూరం మామూలుగా పెద్ద దూరమని మాకు ఎప్పుడూ అనిపించలేదు. పోయిన సంవత్సరం ఒక రాత్రి మాత్రం అనిపించింది.

ఆ రోజు చిన్నోడి ఫీజు అప్లికేషన్‌కు ఆఖరి రోజు. పగలంతా సైటు తెరుచుకోలేదు. రాత్రి పదిన్నర దాటినాక తెరుచుకుంది. వివరాలన్నీ నింపి నొక్కితే ఆధార్‌కు లింకైన నంబరుకు ఓటీపీ పంపామని వచ్చింది. ఆ నంబరు ఇంట్లో మా యాడిది. ఫోన్ చేస్తే "అందుబాటులో లేదు".

మా తండా గుట్ట వెనకాల ఉంటుంది. ఇంట్లో సెల్ సిగ్నల్ రాదు. చెరువు కట్ట మీదికి పోతే ఒక గీత, రెండు గీతలు కనిపిస్తాయి. ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాకే ఇంట్లో ఫోన్ మోగడం మొదలైంది. వైఫై కాలింగ్ ఆన్ చేసి పెడితే టవర్ లేకపోయినా మామూలు నంబరుకే కాల్ వస్తుంది, మా ఫోన్లలో మెసేజ్‌లు కూడా వస్తాయి. అంటే మా ఇంట్లో ఆ పెట్టె ఉత్త నెట్టు కాదు, అదే ఫోను. ఆ పెట్టెను నాయన రోజూ తొమ్మిదిన్నరకు ఆపేసి పడుకుంటాడు.

తండాలో ఎవరికి చేసినా అదే మాట. చివరికి రోడ్డు పక్క చేనుకు నీళ్లు కడుతున్న మామ దొరికాడు. ఆయన బండి మీద ఇంటికి పోయి తలుపు కొట్టి, పెట్టె వేయించేసరికి పదకొండున్నర దాటింది. పెట్టె వేయగానే నెట్టు రాదు కదా. పచ్చ లైటు మిణుకుమిణుకుమని, అది నిలబడి, ఫోను వైఫైని పట్టుకునేదాకా ఇంకో ఐదు నిమిషాలు. అప్పుడు వచ్చిన ఓటీపీకి టైం అయిపోయింది. ఇంకోటి అడిగాం. యాడికి అంకెలు చదవడం రాదు, మామ చదివి చెప్పాడు. నొక్కితే సైటు తిరుగుతూ తిరుగుతూ పన్నెండు కొట్టింది.

తర్వాతి వారం గడువు పొడిగించారు కాబట్టి బతికిపోయాం. పొడిగించకపోతే చిన్నోడు ఆ సంవత్సరం ఫీజు సొంతంగా కట్టలేక ఇంటికి వచ్చేవాడు. ఆ రాత్రి మాత్రం ఇద్దరం నాయన మీద చాలా కోపంగా మాట్లాడాం. అది తప్పని తర్వాత అర్థమైంది.

ఆదివారం ఇంటికి పోయి కూర్చుంటే నాయన ఒక్కొక్కటే చెప్పాడు. "పడుకున్న మనిషికి నెట్టెందుకురా? కరెంటు ఊరికే పోదా?" ఇది మొదటిది. పక్కింట్లో పిడుగు పడిన రోజు టీవీ కాలిపోయిన సంగతి రెండోది. తలకాడ పెట్టుకుని పడుకుంటే రేడియేషన్ అని ఎవరో చెప్పింది మూడోది. నాలుగోది యాడి చెప్పింది. మా చెల్లెలు పదో తరగతి, పెట్టె వేసి ఉంటే రాత్రి ఒంటి గంట దాకా రీల్స్ చూస్తుంది. ఏ ఒక్కటీ కొట్టిపారేసే మాట కాదు. అందుకే ఒక్కోదానికీ లెక్క చూశాం.

కరెంటు సంగతి. పెట్టె అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. రెండూ గుణిస్తే 12 వాట్లు. అది ఎక్కువలో ఎక్కువ, మామూలుగా ఇంకా తక్కువే తాగుతుంది. పోనీ 12 అనుకున్నా రాత్రి ఎనిమిది గంటలకు 96 వాట్ అవర్లు. నెలకు మూడు యూనిట్లు కూడా కాదు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు ఉంటుంది. అంటే ఫ్యాన్ గంటన్నర కూడా తిరగని కరెంటుతో పెట్టె రాత్రంతా ఉంటుంది. మన రాష్ట్రంలో తండాల్లో, ఎస్టీ కాలనీల్లో ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు ఉచితం. మా మీటరు ఎండాకాలంలో కూడా 110 దాటలేదు. ఉచితం కదా అని వృథా చేయమని కాదు. ఆదా చేయాలంటే టీవీ సెట్ టాప్ బాక్సు చూడండి. చాలా బాక్సులు రిమోట్‌తో ఆపినా దాదాపు అంతే కరెంటు తాగుతుంటాయి. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి దాని స్విచ్ ఆపేస్తున్నాం.

పిడుగు సంగతిలో నాయనదే కరెక్టు. ఫైబర్ లోపలుండేది గాజు పోగు, దానిగుండా కరెంటు పారదు. కానీ కరెంటు తీగలోంచి వచ్చే దెబ్బ అడాప్టర్ గుండా పెట్టెకు తగులుతుంది. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానలు వచ్చే రోజుల్లో ఇది తప్పదు. దామిని అనే యాప్ మన చుట్టుపక్కల పిడుగులు పడే ప్రమాదం ఉంటే ముందే చెబుతుంది, నాయన ఫోన్‌లో వేశాం.

రేడియేషన్ సంగతి. ఇంటి వైఫై పెట్టె పంపే శక్తి మామూలుగా వాట్‌లో పదోవంతు దగ్గర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చూసి, ఇలాంటి బలహీనమైన సిగ్నళ్ల వల్ల ఆరోగ్యం చెడుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని చెప్పింది. సిగ్నల్ అందని చోట ఫోనే ఎక్కువ శక్తితో టవర్‌ను వెతుకుతుంది. పెట్టె ఆపిన రాత్రుల్లో యాడి ఫోన్ బ్యాటరీ తెల్లారేసరికి ఎందుకు దిగిపోతోందో మాకు అప్పుడు తెలిసింది. భయం పోకపోతే పెట్టెను మంచం దగ్గర నుంచి తీసి వసారాలో పెడితే సరి. మేమదే చేశాం.

ఇంకోటి ఎవరూ అడగలేదు కానీ మేమే చూశాం. దుమ్ము పడకుండా యాడి పెట్టె మీద తను కుట్టిన అద్దాల గుడ్డ కప్పింది. చూడ్డానికి బాగుంది కానీ పెట్టెకు అది దుప్పటి. ఇలాంటివి ఎక్కువగా 40 డిగ్రీల దాకా పని చేసేలా తయారు చేస్తారు. మన నంద్యాల ఎండలు అది దాటిపోతాయి. రాత్రంతా వేసి ఉంచడం కన్నా ఆ వేడే దాన్ని ఎక్కువ పాడు చేస్తుంది. గుడ్డ తీసి గోడకు తగిలించాం.

చెల్లెలి సంగతే కష్టం. దాని కోసం పెట్టె ఆపితే ఇంటి ఫోనే ఆగిపోతుంది. పెట్టె సెట్టింగ్స్‌లో ఒక్క ఫోన్‌కే టైం పెట్టే వీలుంది, పది తర్వాత చెల్లెలి ఫోన్‌కు నెట్ రాకుండా పెట్టాం. వారం రోజులు మాతో మాట్లాడలేదు.

ఇక మా నంద్యాల రూమ్. ఇక్కడ నాలుగు దిక్కులా టవర్లే, పెట్టె ఆపినా ఫోన్ మోగుతుంది. ఓనర్ సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటాడు, అంటే రాత్రి కరెంటుకు నెలకు 29 రూపాయలు. మేము పడుకునే ముందు ఆపేస్తాం. ఇంట్లో ఆపొద్దని నాయనతో వాదించిన మేమే ఇక్కడ ఆపుతున్నాం. నాయన విని నవ్వాడు. కానీ రెండూ ఒకే లెక్క. ఆపితే రాత్రి ఎవరైనా మనల్ని అందుకోగలరా, లేదా? అందుకోగలిగితే ఆపుకోవచ్చు. అందుకోలేకపోతే ఆపొద్దు.

ఇదంతా విని మా మూడోవాడు ఒక్క మాట అన్నాడు. "మీకు ఆపాలా వద్దా అని గొడవ. మా గూడెంలో ఆపడానికి పెట్టే లేదు." వాళ్లమ్మకు జ్వరం వచ్చిన సంగతి వాడికి రెండు రోజుల తర్వాత తెలిసింది. 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్‌లో చెంచుల లాంటి ఆదిమ తెగల గూడేలకు ఇళ్లు, రోడ్లతో పాటు మొబైల్ టవర్లు కూడా ఉన్నాయి. వాళ్ల గూడెం పేరు రాసి శ్రీశైలం ఐటీడీఏకు అర్జీ పెట్టాలని ముగ్గురం కూర్చుని రాశాం. దాని మీద ఊరి పెద్దల సంతకాలు తీసుకోవాలి. వచ్చే ఆదివారం వాడితో కలిసి మేమూ పోతున్నాం.

మీ ఊళ్లో, తండాలో, గూడెంలో రాత్రి ఫోన్ అందుతుందా? ఇంటి నంబరుతో ఓటీపీ వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆఖరి రోజు దాకా ఆగకండి. ఆగాల్సి వస్తే సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి. ఈ రాత్రికి పెట్టె ఆపొద్దని.