లాగ్‌బుక్ ఆర్సీ కాదు

ఇక్కడ కోవెంట్రీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలు పాత కారు కొనబోతే నన్ను తోడు రమ్మంటారు. ఇంజన్ల గురించి నాకు తెలిసింది తక్కువ. బానెట్ ఎత్తి చూసే పని వాళ్లకే వదిలేసి నేను కాగితాలు అడుగుతాను.

అమ్మే మనిషి వి5సి, అంటే లాగ్‌బుక్ చేతిలో పెట్టగానే మనవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. పేరు, అడ్రసు, బండి నంబరు, అన్నీ అచ్చం మన ఆర్సీలో ఉన్నట్టే ఉంటాయి మరి. పప్పులో కాలు పడేది సరిగ్గా అక్కడే. ఆర్సీలో ఉండేది యజమాని పేరు. బండి మీద బ్యాంకు అప్పుంటే హైపోథికేషన్ అంటూ ఆ బ్యాంకు పేరూ అందులోకి ఎక్కుతుంది. అప్పు తీర్చి, ఫారం 35 పెట్టుకుంటే గాని పోదు. బ్రిటన్ లాగ్‌బుక్‌లో ఉండేది రిజిస్టర్డ్ కీపర్ పేరు. పన్నుకీ, కెమెరా జరిమానాలకీ ఎవరికి ఉత్తరం పంపాలో చెప్పే పేరది. యాజమాన్యానికి ఇది రుజువు కాదని ఆ కాగితం మీదే అచ్చేసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. అప్పు ఊసు అందులో ఒక్క ముక్కా కనిపించదు.

ఇక్కడ హైర్ పర్చేజ్ మీద తీసుకున్న కారు ఆఖరి వాయిదా కట్టేదాకా ఫైనాన్స్ కంపెనీదే. అది తీరకుండానే అమ్మేసే ఘనులున్నారు. అందుకే కొంత డబ్బు పెట్టి ముందే హిస్టరీ చెక్ చేయిస్తాను. అప్పుందా, దొంగబండా, యాక్సిడెంటయ్యాక ఇన్సూరెన్స్ వాళ్లు తీసేసిన బండా అన్నవి అందులో తేలతాయి. అప్పు సంగతి తెలియక నమ్మి కొన్న మామూలు మనిషికి 1964 నాటి హైర్ పర్చేజ్ చట్టం అండ ఉంది. అయితే వివాదం వచ్చిన రోజు నోటిమాట చాలదు. దొంగబండి విషయంలో ఆ అండా లేదు. బండి అసలు యజమానికి పోతుంది, మన డబ్బు కోసం మనమే తిరగాలి.

బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని చూసే ఎంఓటీ పరీక్షల చరిత్ర మాత్రం ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితం. నంబరు కొడితే ఏ ఏడు ఎన్ని మైళ్లు తిరిగిందో వస్తుంది. అమ్మేవాడు మీటరు వెనక్కి తిప్పి ఉంటే అక్కడే దొరికిపోతాడు. అద్దం కింద చెక్కిన విన్, అంటే ఛాసిస్ నంబరునూ లాగ్‌బుక్‌లోదాన్నీ అక్షరం అక్షరం పోల్చుకోవాలి. బేరం లాగ్‌బుక్‌లో ఉన్న ఇంటి దగ్గరే జరగాలి. సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో కలుద్దామంటే నేను రాను.

అసలు చిక్కు రసీదు దగ్గర. ఇండియాకు తిరిగి వెళ్లిపోతూ అమ్మేది మన తెలుగాయనే అయితే మరీనూ. "మనలో మనకి రసీదేంటన్నా, బాగోదు!" అని కొనే కుర్రాడే నా చెవిలో గొణుగుతాడు. నేను వినను. తేదీ, టైము, ధర, బండి నంబరు, విన్, ఇద్దరి పేర్లూ అడ్రసులూ రాసి, రెండు ప్రతుల మీద ఇద్దరి సంతకాలు తీసుకుంటాను. డబ్బు బ్యాంకు ద్వారానే. ఆ టైము రాయడం అమ్మేవాడికే ఎక్కువ మేలు. సాయంత్రం మనవాడు కెమెరాకి చిక్కితే ఉత్తరం పాత కీపర్‌కే వెళ్లవచ్చు. ఆయన అప్పటికి శంషాబాద్‌లో దిగి ఉంటాడు.

ప్రకటనను కూడా ఫోన్‌లో దాచుకోమంటాను. డీలరు దగ్గర కొంటే 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, లోపమున్న బండిని 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చేయవచ్చు. ప్రైవేటు మనిషి దగ్గర ఆ హక్కు లేదు. బండి ఆయన చెప్పినట్టే ఉండాలి, అంతే. కాబట్టి ఏం చెప్పాడన్నదానికి సాక్ష్యం ఆ ప్రకటనే.

సంతకాలయ్యాక అమ్మినాయన మా ముందే ఆన్‌లైన్‌లో వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏకి తెలియజేసి, కొత్త కీపర్ పచ్చచీటీ చింపి ఇస్తాడు. 2014 అక్టోబర్ నుంచి పాత రోడ్ టాక్సు బండితో పాటు రావడం లేదు. పచ్చచీటీ మీది నంబరుతో టాక్సు కట్టి, ఇన్సూరెన్సు మొదలైందని చూపించాకే కుర్రాడికి తాళం ఇస్తాను.